పేరు పడని పని

ఇటలీలో ఒక మనిషికి నివాస ధ్రువపత్రం కావలసి వస్తే, మొన్నమొన్నటి దాకా ముందుగా పొగాకు దుకాణానికి వెళ్లాల్సి వచ్చేది. ప్రభుత్వ స్టాంపులు అమ్మేది అక్కడే. చాలా అవసరాలకు ఆ పత్రం మీద 16 యూరోల స్టాంపు ఉండాలి. అది కొని జేబులో పెట్టుకుని స్థానిక కార్యాలయానికి వెళ్లాలి, వరస చీటీ తీసుకోవాలి, తన అంకె పిలిచేదాకా బల్ల మీద కూర్చోవాలి. కిటికీ అవతలి గుమస్తా ఆ ఊరి రిజిస్టరు చూసి కాగితం రాసిచ్చేవాడు. ఒక ఊరి రిజిస్టరుకు పక్క ఊరి రిజిస్టరుతో సంబంధం ఉండేది కాదు. పెద్ద నగరమైనా, కొండ మీది చిన్న పల్లె అయినా ఇటలీలో స్థానిక సంస్థను ‘కొమూనే’ అనే అంటారు. అలాంటివి సుమారు 7,900. జనం లెక్కలు రాసుకునే తీరు కూడా దాదాపు అన్ని రకాలుగా ఉండేది.

2021 నవంబరు 15న ఆ అవస్థ చాలామటుకు తీరింది. పుట్టుక, పెళ్లి, నివాసం, కుటుంబ వివరాలు వంటి 14 రకాల ధ్రువపత్రాలను ఇంట్లో కూర్చునే, స్టాంపు ఖర్చు లేకుండా, తమకోసమే కాక కుటుంబ సభ్యుల కోసం కూడా తీసుకునే వీలు కలిగింది. రెండు భాషలు నడిచే ప్రాంతాల్లో రెండు భాషల్లోనూ పత్రం వస్తుంది. దేశాధ్యక్షుడు సెర్జో మత్తరెల్లా తొలి పత్రం తీసుకుని ఆ సేవను ప్రారంభించారు. అప్పుడు డిజిటల్ శాఖ మంత్రి విత్తోరియో కొలావో. ఆయన ఏ పార్టీ తరఫునా ఎన్నికల్లో నిలబడలేదు. అంతకుముందు పదేళ్ల పాటు వొడాఫోన్ ప్రపంచ సంస్థకు అధిపతిగా ఉన్నారు.

కంపెనీల్లో పేరు తెచ్చుకున్నవాళ్లను పిలిచి ప్రభుత్వంలో కుర్చీ వేయడం ఇటలీకి కొత్త కాదు. పార్టీలు ఒకదానితో ఒకటి పొసగక ప్రభుత్వం కూలినప్పుడో, ఖజానా ఒట్టిపోయినప్పుడో ఆ దేశం నిపుణుల వైపు చూస్తుంది. 1993లో రిజర్వు బ్యాంకు లాంటి సంస్థ గవర్నరుగా ఉన్న చాంపి ప్రధాని అయ్యారు. 2011లో ఆర్థికవేత్త మోంతి వచ్చారు. 2021లో యూరోపియన్ కేంద్ర బ్యాంకు మాజీ అధిపతి మారియో ద్రాగి వంతు వచ్చింది. ఐబీఎంలో పైస్థాయిలో పనిచేసిన లూచో స్తాంకా 2001 నుంచి అయిదేళ్లు సాంకేతిక నవకల్పన శాఖ చూశారు. ఇంత మంది వచ్చి వెళ్లినా, వాళ్లలో ఎవరి వల్ల మామూలు మనిషికి ఏం ఒరిగిందని అడిగితే చప్పున జవాబు చెప్పడం కష్టం. కొలావో జీవితాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఆ జవాబులో కొంత దొరుకుతుంది.

ఆయన 1961లో ఉత్తర ఇటలీలోని బ్రెషాలో పుట్టారు. మిలాన్ బొక్కోని విశ్వవిద్యాలయంలోనూ, తరవాత హార్వర్డ్‌లోనూ చదువుకున్నారు. సలహా సంస్థ మెకిన్సేలో చాలా ఏళ్లు పనిచేశారు. 1996లో ఆమ్నిటెల్‌లో చేరారు. టైపురైటర్లకు పేరుపడ్డ ఒలివెట్టి చొరవతో పుట్టిన, ఇటలీలో రెండో మొబైల్ కంపెనీ అది. మూడేళ్లకే దాని అధిపతి అయ్యారు. ఆ కంపెనీ చేతులు మారి చివరికి వొడాఫోన్ గూటికి చేరింది, దానితోపాటే ఆయన కూడా. ఇంతవరకూ ఏ పెద్ద మేనేజరు కథైనా ఇలాగే సాగుతుంది.

2004లో ఆయన దారి మార్చారు. మిలాన్ నుంచి వెలువడే ‘కొరియేరే దెల్లా సేరా’ ఇటలీలో పెద్ద పేరున్న దినపత్రిక. 1876 నుంచి నడుస్తోంది. దాని యజమాని ఆర్‌సీఎస్ సంస్థకు కొలావో అధిపతిగా వెళ్లారు. అప్పట్లో ఆ సంస్థలో వాటాలున్నది బ్యాంకులకు, బీమా కంపెనీకి, ఫియట్‌కు, టైర్ల కంపెనీ పిరెల్లికి. పత్రిక మీద లాభం రాకపోయినా ఫరవాలేదు, పట్టు మాత్రం ఉండాలని కోరుకునే వాటాదారులు వాళ్లు. తమలో తాము ఒప్పందం రాసుకుని సంస్థను నడిపేవారు. అలాంటిచోట అధిపతి చేతిలో ఉండే అధికారం ఎంత? 2005లో ఒక ఆస్తుల వ్యాపారి బజారులో వాటాలు పోగేసి ఆ సంస్థను చేజిక్కించుకోబోతే దేశ రాజకీయమే అట్టుడికింది. వాటాదారులతో అభిప్రాయ భేదాలు వచ్చి 2006లో కొలావో బయటికి వచ్చేశారు. రెండేళ్ల ముచ్చట. ఆయన గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. మాకు మాత్రం ఆయన అసలు చదువు అక్కడే మొదలైందనిపిస్తుంది. లాభనష్టాల లెక్క ఒక్కటే సరిపోని సంస్థలు కూడా ఉంటాయి. అక్కడ ఎవరికి ఏం కావాలో పైకి చెప్పరు, కాగితం మీద సరిగ్గా కుదిరిన పథకం గదిలో కుదరదు. ప్రభుత్వం అలాంటి సంస్థల్లోకెల్లా పెద్దది.

2006లోనే ఆయన మళ్లీ వొడాఫోన్‌కు వెళ్లారు. 2008 జులైలో మొత్తం సంస్థకు అధిపతి అయ్యారు. అక్కడి నుంచి ఆయన కథ మన దేశాన్నీ తాకింది. హచ్ అనే పేరును, దాని వెంట తిరిగిన ముద్దుల కుక్కపిల్లను తెలుగు పాఠకులు మరిచిపోయి ఉండరు. ఆ హచ్‌ను వొడాఫోన్ 2007లో సుమారు 11 బిలియన్ డాలర్లకు కొన్నది. అప్పుడు అధిపతి అరుణ్ సరీన్. కొన్నది ఆయన, బరువు మోసింది కొలావో. ఆ కొనుగోలు మీద 11 వేల కోట్ల రూపాయలకు పైగా పన్ను కట్టాలని మన ఆదాయపు పన్ను శాఖ అడిగింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది బడ్జెట్‌లో కేంద్రం పాత లావాదేవీలకూ వర్తించేలా చట్టాన్ని సవరించింది. గెలిచిన కేసు మళ్లీ నెత్తిన పడింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ధరలు నేలకు దిగాయి. ఆ ఆర్థిక సంవత్సరం వొడాఫోన్ 6 బిలియన్ యూరోలకు పైగా నష్టం చూపింది, అందులో పెద్ద భాగం భారత వ్యాపారం విలువను తగ్గించి రాసుకోవడం వల్ల వచ్చిందే. 2018 ఆగస్టులో ఐడియాతో విలీనం పూర్తయింది. ఆ తరవాత నెల తిరిగేసరికి కొలావో పదవి నుంచి దిగిపోయారు.

పన్నుల విషయంలో ఆయన ఒక దేశంలో బాధితుడిగా నిలబడ్డారు, మరోచోట విమర్శలు ఎదుర్కొన్నారు. అమెరికాలోని వెరైజన్ వైర్‌లెస్‌లో వొడాఫోన్‌కు ఉన్న 45 శాతం వాటాను 130 బిలియన్ డాలర్లకు అమ్ముతున్నట్టు 2013 సెప్టెంబరులో ప్రకటించారు. వాణిజ్య చరిత్రలోని అతి పెద్ద బేరాల్లో అదొకటి. అందులో సుమారు 84 బిలియన్లు వాటాదారులకు పంచారు. నెదర్లాండ్స్‌లోని అనుబంధ సంస్థ పేరిట ఆ వాటా ఉండటంతో బ్రిటన్ ఖజానాకు మాత్రం పన్ను రాలేదు. అంతా చట్టప్రకారమే జరిగింది. అయినా లండన్ పత్రికలు, పార్లమెంటు సభ్యులు గట్టిగానే అడిగారు. కంపెనీ అధిపతిగా ఆయన ధర్మం వాటాదారుల సొమ్ము కాపాడటం. ఆ ధర్మం ఆయన నెరవేర్చారు. ఆ తరవాత కొన్నేళ్లకు అదే మనిషి ప్రజల సొమ్ము ఖర్చుపెట్టే కుర్చీలో కూర్చున్నారు. మన ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆ వెనుకటి తేదీ పన్ను చట్టాన్ని వెనక్కి తీసుకున్నప్పటికి కొలావో రోమ్‌లో మంత్రి. సర్కారు ఎదుట చేతులు కట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో తెలిసిన మంత్రులు ఎందరుంటారు? ఆ అనుభవం చిన్నది కాదు.

మంత్రి కావడానికి ముందు ఇంకో ఘట్టం ఉంది. కరోనా తొలి తాకిడికి ఇటలీ విలవిల్లాడుతున్న 2020 ఏప్రిల్‌లో, అప్పటి ప్రధాని జుసెప్పే కోంతే ఒక నిపుణుల సంఘం వేసి కొలావోను అధ్యక్షుడిగా పెట్టారు. దేశాన్ని మళ్లీ తెరవడం ఎలాగన్నది వాళ్లు తేల్చాలి. జీతభత్యాలు లేవు. సంఘంలో ఆర్థికవేత్తలు, వైద్యులు, వ్యాపారవేత్తలు ఉన్నారు. మహిళలు తక్కువన్న విమర్శ వచ్చాక మరో అయిదుగురిని చేర్చారు. జూన్‌లో నివేదిక సిద్ధమైంది. అందులో 102 సూచనలు ఉన్నాయి. పన్నులు, బడులు, రోడ్లు, మొబైల్ టవర్లు, పర్యాటకం, మహిళల ఉపాధి, ఏదీ వదల్లేదు. ఆ తరవాత కొద్ది రోజులకే ప్రధాని రోమ్‌లోని విల్లా పాంఫీలిలో పెద్ద సమాలోచన జరిపారు. నివేదిక మాత్రం బీరువాలోకి వెళ్లింది. అందులో ఒకటి రెండు సూచనలు ఒక పార్టీకి నచ్చలేదు, మరికొన్ని ఇంకో పార్టీకి నచ్చలేదు. తనదని చెప్పుకోవడానికి ఏ పార్టీ ముందుకు రాలేదు.

ఇక్కడ తప్పెవరిది? ప్రధానిది కొంత. సంఘం వేసింది వినడానికా, విన్నట్టు కనిపించడానికా అన్న అనుమానం అప్పుడే చాలామందికి కలిగింది. అయితే నివేదిక స్వభావంలోనూ లోపం ఉంది. 102 పనులు ఒక్కసారి చెప్పేవాడికి ఏ ఒక్కదానికీ పూచీ ఉండదు. పార్లమెంటులో ఎవరూ నిలదీయరు, పని కాకపోతే పదవి పోదు. సలహా ఇచ్చేవాడు ఎంత మేధావి అయినా బాధ్యత లేని సలహాకు బరువు తక్కువ. సలహా సంస్థలో పుట్టి పెరిగిన మేనేజరుకు ఇది రుచించని మాటే. అయినా కొలావో మనసు విరుచుకోలేదు. ఎనిమిది నెలల తరవాత ద్రాగి పిలిస్తే వచ్చారు. ఆయన మీద మాకు గౌరవం పెరిగింది అందుకే.

2021 ఫిబ్రవరి 13న ఆయనకు దక్కింది నవకల్పన, డిజిటల్ మార్పు శాఖ. పేరు పెద్దదే గానీ అది సొంత మంత్రిత్వ శాఖ యంత్రాంగం లేని మంత్రి పదవి. ప్రధాని కార్యాలయంలో భాగంగా ఒక చిన్న విభాగం. చేతిలో ఉన్న బలమల్లా ఐరోపా సమాఖ్య ఇచ్చిన పునరుద్ధరణ నిధులు. ఇటలీ వాటా 191.5 బిలియన్ యూరోలు. అందులో నాలుగో వంతుకు పైగా డిజిటల్ పనులకే ఖర్చు చేయాలి. వచ్చిన కొద్ది నెలలకే ఆయన దేశానికి ఒక చేదు నిజం చెప్పారు. ప్రభుత్వ సమాచారం దాచిన సర్వర్లలో నూటికి తొంభైకి పైగా భద్రత లేనివేనన్నారు. ఆ మాట అన్న రెండు నెలలకే, ఆగస్టులో, రోమ్ ఉన్న లాత్సియో రాష్ట్రపు కంప్యూటర్ల మీద దాడి జరిగి టీకా నమోదు నిలిచిపోయింది. అప్పటికే సైబర్ భద్రతకు జాతీయ సంస్థ పెట్టే ఆర్డినెన్సు వచ్చి ఉంది. ప్రభుత్వ సమాచారానికి ఉమ్మడి క్లౌడ్ కట్టాలని కూడా తలపెట్టారు.

అయితే ఆయన పనుల్లో చిరకాలం నిలిచేది, ఆ ధ్రువపత్రాలకు ఆధారమైన ఉమ్మడి జనాభా రిజిస్టరే. దాని పుట్టుక ఆయన చేతుల్లో జరగలేదు. 7,900 ఊళ్ల రిజిస్టర్లను ఒక్కటి చేయాలన్న చట్టం 2012లో మోంతి ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులో ఉంది. అప్పుడు ఆర్థికాభివృద్ధి మంత్రి కొర్రాదో పాస్సెరా. ఆయనా మేనేజరే. ఒలివెట్టిలో పనిచేశారు, ఇటలీ తపాలా సంస్థను గాడిన పెట్టారు, ఇంటేసా బ్యాంకుకు అధిపతిగా ఉండి మంత్రి అయ్యారు. చట్టం వచ్చింది, ఊళ్లు కదలలేదు. నాలుగేళ్లు గడిచాయి. 2016లో ప్రధాని రెంత్సి అమెజాన్‌లో పైస్థాయిలో ఉన్న దియేగో ప్యాచెంతీనిని పిలిచారు. ఆయన కంపెనీలో సెలవు పెట్టి, ప్రభుత్వం నుంచి జీతం తీసుకోకుండా రెండేళ్లు డిజిటల్ కమిషనరుగా పనిచేశారు. ఆయన వచ్చిన కొత్తలో, 2016 అక్టోబరులో, ఉమ్మడి రిజిస్టరులోకి వచ్చిన మొదటి ఊరు రవెన్నా దగ్గరి బాన్యాకవల్లో అనే చిన్న పట్టణం. 

ఒక ఊరు వచ్చి చేరడమంటే ఏమిటో ఊహించండి. ఊరి పుస్తకంలో ఒక ముసలాయన పేరు ఒక రకంగా ఉంటుంది, పన్నుల శాఖ దగ్గర ఇంకో రకంగా ఉంటుంది. పుట్టిన తేదీలో ఒక అంకె తేడా. పెళ్లయి వెళ్లిపోయిన కూతురు రెండు ఊళ్లలోనూ ఉంటుంది. ఇలాంటివన్నీ ఊరి గుమస్తాయే కూర్చుని సరిచూడాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి. ఆరు కోట్ల మందికి దగ్గరగా ఉన్న జనాభాకు ఇది జరగాలి. ప్యాచెంతీని దిగిపోయేనాటికి వందల ఊళ్లు చేరాయి. ఆయన తరవాత ప్రభుత్వాలు మారాయి. పని ఆగలేదు. 2022 జనవరిలో, సిసిలీలోని మెస్సీనా ప్రాంతపు శాన్ తెయొదోరో చేరికతో లెక్క పూర్తయింది. చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు కావస్తోంది. ప్రధానులు అరడజను మంది మారారు.

ఆ సమయంలో కుర్చీలో కొలావో ఉన్నారు. పునాది తనది కాదు, గోడలు తనవి కావు. పైకప్పు వేయించి తలుపు తెరిచారు. కంపెనీల లోకంలో 130 బిలియన్ డాలర్ల బేరం ఎప్పటికీ ఆయన పేరుతోనే గుర్తుంటుంది. ఈ రిజిస్టరు మీద ఎవరి పేరూ ఉండదు. పెద్ద పదవుల నుంచి వచ్చిన మనుషులు ప్రభుత్వంలో తడబడేది ఇక్కడే. ముందువాడు మొదలుపెట్టిన దాన్ని పక్కన పడేసి తనదైన కొత్త పథకానికి కొత్త పేరు పెడతారు. కంపెనీలో కొత్త అధిపతి రాగానే అలా చేయడమే రివాజు, దాన్నే దూకుడంటారు. ప్రభుత్వంలో దాని ఖర్చు జనం మీద పడుతుంది. బల్ల మీద ఎదురుచూసే మనిషి ఇంకో అయిదేళ్లు అక్కడే కూర్చుంటాడు. కొలావో ఆ పని చేయలేదు. 2020లో 102 సూచనలు రాసిన చేయి 2021లో పాత రిజిస్టరును పట్టుకుంది. ఆ రెండింటి మధ్య ఆయనలో జరిగిన మార్పే ఆయన బయోడేటాలో అన్నిటికన్నా విలువైనదని మా అభిప్రాయం.

కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య ఇలాంటి రాకపోకల విషయంలో ఒక భయం సహజం. నిన్న కంపెనీ బోర్డులో కూర్చున్నవాడు నేడు మంత్రి, రేపు మళ్లీ బోర్డులోకి. మనసు ఎక్కడ ఉంటుంది? ద్రాగి మంత్రివర్గంలోనే ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. రక్షణ సామగ్రి చేసే లియోనార్దో కంపెనీ నుంచి వచ్చిన శాస్త్రవేత్త చింగొలాని పర్యావరణ మార్పు శాఖ చూసి, 2023లో అదే కంపెనీకి అధిపతిగా వెళ్లారు. ఆ కంపెనీలో ప్రభుత్వానికే పెద్ద వాటా ఉంది. ఇలాంటివాటికి హద్దు గీయాలని ఇటలీ 2004లో ఒక చట్టం చేసింది. మంత్రిగా ఉన్నన్నాళ్లూ కంపెనీల పదవులు కూడదు. దిగిపోయాక కూడా తాను చూసిన శాఖకు సంబంధించిన రంగంలోని సంస్థల్లో పన్నెండు నెలల పాటు పదవులు తీసుకోరాదు. మంచి చట్టమే. కానీ ఒక్క ఏడాది చాలునా? టెలికం మనిషి టెలికం నిధులు పంచే కుర్చీలో కూర్చున్నప్పుడు, ఆయన ఎంత నిజాయితీపరుడైనా, ఏ టెండరు ఎలా ఇచ్చారో, ఎవరెవరిని కలిశారో బయట పెట్టే ఏర్పాటు ఉండాలి. అది ఆ మనిషి మీద అనుమానంతో అడిగేది కాదు. మంచివాడు వచ్చినప్పుడు పెట్టుకున్న నియమమే, ఆ తరవాత ఇంకొకడు వచ్చినప్పుడు కాపాడుతుంది.

2022 ఏప్రిల్ నుంచి ఇటలీలో ఇల్లు మారినవాళ్లు ఆ సంగతి కూడా తెర మీదే నమోదు చేసుకుంటున్నారు. అదే ఏడాది అక్టోబరు 22న మెలోని ప్రభుత్వం రావడంతో కొలావో దిగిపోయారు. ఆయన శాఖకు మళ్లీ మంత్రిని పెట్టలేదు, దాని బాధ్యతలు ప్రధాని కార్యాలయంలోని ఒక ఉపమంత్రికి అప్పగించారు. కొలావో తిరిగి పెట్టుబడి సంస్థల, బోర్డుల లోకంలోకి వెళ్లారు. మంత్రిగా తలపెట్టినవన్నీ నెరవేరలేదు. 2026 నాటికి దేశం నలుమూలలకూ సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో ఇంటర్నెట్ అందించాలన్న పథకానికి 2022లోనే టెండర్లు ఖాయం చేశారు. రోడ్డు తవ్వకాల అనుమతుల దగ్గర, కూలీల కొరత దగ్గర ఆ పని నెమ్మదించింది. కొండ ప్రాంతపు కొమూనేలలో, చివరి ఇంటి దాకా ఆ తీగ వేయించాల్సింది ఇప్పుడున్నవాళ్లు. ఆ టెండర్ల మీద ఉన్నది కొలావో నాటి సంతకాలేనని వాళ్లు దాన్ని వదిలేయకుండా ఉంటే, రిజిస్టరు లాగే అదీ పూర్తవుతుంది.